గీతల బాబాయిగారు

డాబా మీద టెలిస్కోపు కనబడితే చాలు, పిల్లలు శనిగ్రహం వలయాలు చూపించమని ఎగబడతారు. గీతల బాబాయిగారి డాబాకి ఒకసారి వెళ్లినవాళ్లు మాత్రం మళ్లీ వెళ్లరు. అక్కడ శనీ ఉండడు, చందమామా ఉండడు. లాప్‌టాప్ తెర మీద ఓ బూడిదరంగు చార, దాని మీద రెండు మూడు నల్లగీతలు. "ఇదే అభిజిత్ నక్షత్రం. ఈ గీత హైడ్రోజన్!" అంటారాయన, కొడుక్కి ఐఐటీలో సీటొచ్చినంత సంబరంగా.

కెమెరా ముందు మిల్లీమీటరుకు 100 గాట్లున్న గ్రేటింగు బిగిస్తే చుక్క వెలుగు చారలా సాగుతుంది. సాగింది కాబట్టి పలచబడుతుంది. అందుకని 100 ఫొటోలు తీసి, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఆయన భాషలో స్టాకింగ్. వెలుగు 100 రెట్లవుతుంది, గరుకు, అంటే ఫొటోలో చిందరవందరగా కనబడే నాయిస్, 10 రెట్లే అవుతుంది. అంటే గీత 10 రెట్లు తేటపడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ తేట రెట్టింపు కావాలంటే ఫొటోలు నాలుగింతలు తియ్యాలి. ఈ లెక్క తెలిసిన మనిషికి నిద్రెలా పడుతుంది? రాత్రి పొట్టిదైపోయిందని ఆయన బాధ.

మధ్యలో టెలిస్కోపుకి మూతపెట్టి చీకటిని కూడా ఫొటో తీస్తారు. "మూత మర్చిపోయారు సార్" అన్న పాపానికి, కెమెరా సొంతంగా పుట్టించే మచ్చల్ని తీసెయ్యడం గురించి వాచ్‌మన్ అరగంట విన్నాడు. ఇప్పుడు డాబా వైపు చూడటం మానేశాడు.

"పేరిస్తే రిజల్యూషన్ పెరుగుతుందటగా అంకుల్?" అని ఏ కుర్రాడైనా అన్నాడో, అయిపోయాడే. "గరుకు తగ్గుతుంది నాయనా, అంటుకుపోయిన గీతలు విడిపోవు! సోడియం గీతల జంట 589.0, 589.6 నానోమీటర్లు. నా గ్రేటింగుతో లక్ష పేర్చినా అది ఒకటే గీత." ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు కిటుకు చెబుతారు. గాలి కదిలితే చుక్క ఉబ్బుతుంది, చుక్క ఉబ్బితే గీత లావెక్కుతుంది. కాబట్టి గాలి నిలకడగా ఉన్నప్పటి ఫొటోలే ఏరి, పిక్సెల్‌లో పిసరంత తేడా రాకుండా సర్దాలి. అప్పుడు గ్రేటింగు ఇవ్వగలిగినంతా ఇస్తుంది. అడ్డదిడ్డంగా పేరిస్తే ఉన్నదీ పోతుంది.

"పెళ్లిచూపులకి మూడుసార్లొచ్చారమ్మా ఈయన" అంటారు పిన్నిగారు. "ఒక్కసారి చూస్తే గరుకు పోదట."

బాబాయిగారు పుట్టింది గుంటూరు కావడంతో ఈ గీతల గర్వం ఇంకాస్త ఎక్కువ. 1868 ఆగస్టు 18న జాన్సెన్ అనే ఫ్రెంచాయన అక్కడి నుంచే సంపూర్ణ సూర్యగ్రహణం చూసి, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో మెరిసే గీతలు పట్టాడు. మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ పట్టాడు. ఆ జ్వాలల్లోని పసుపు గీతే తర్వాత హీలియంగా తేలింది. "మరి ఆయన స్టాకింగ్ చెయ్యలేదుగా?" అని అడిగితే బాబాయిగారు మండిపడతారు: "సూర్యుడికి ఎందుకయ్యా? వెలుగు చాలనివాడికి కదా ఈ పాట్లు!"

ఆయన డాబాకి పిలిస్తే వెళ్లండి. భోంచేసి మరీ వెళ్లండి. చుక్క ఫొటో ఏదని మాత్రం అడక్కండి.