రేగోడ్‌ను సంగారెడ్డిలో కలిపిన ఘనుణ్ని

2016 అక్టోబరు 11న, దసరా నాడు, పాత మెదక్ జిల్లా మూడు ముక్కలైంది. వట్‌పల్లి, నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లాకు పోయాయి. రేగోడ్ మెదక్‌లోనే ఉండిపోయింది. దాన్నీ సంగారెడ్డిలో కలిపింది మాత్రం నేనే, ఒక్క సెడ్ కమాండుతో.

రేగోడ్‌లో మా మేనమామకు ఎరువుల దుకాణం ఉంది. రైతుల పేర్లు, ఊళ్లు, ఉద్దెర పద్దులు అన్నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోనే. బిల్లుల మీద వట్‌పల్లి వాళ్లకు ఇంకా మెదక్ జిల్లా అనే పడుతోందని, సరిచేయమన్నాడు. ఒక అప్‌డేట్ క్వెరీ రాస్తే అయిపోయేది. హైదరాబాద్‌లో ఉద్యోగం వెలగబెడుతున్న అల్లుడు అంత తేలిక పని చేస్తే గొప్పేముంది? మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో మొత్తం డంప్ తీశాను. వట్‌పల్లి ఉన్న లైన్లలో ‘మెదక్ జిల్లా’ తీసేసి ‘సంగారెడ్డి జిల్లా’ పెట్టమని, పాఠ్యాన్ని లైను లైనుగా మార్చే సెడ్‌కు చెప్పాను. కాపీ దేనికిలే అని ఐ ఆప్షన్‌తో అదే ఫైలు మీద రాయించాను. చూసుకోకుండా తిరిగి ఎక్కించేశాను కూడా. డంప్ ముందుగా పాత టేబుల్‌ను తుడిచేస్తుంది, పాపం దాని పని అది చేసింది.

1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన నాటి నుంచీ సెడ్‌కు లైను తెలుసు గానీ రికార్డు తెలియదు. మైఎస్‌క్యూఎల్‌డంప్ ఏమో వందల రికార్డులను ఒకే ఇన్సర్ట్‌లో గుచ్చి, ఒకే లైనుగా పోస్తుంది. ఆ లైనులో వట్‌పల్లి రైతు ఒక్కడున్నా చాలు, రేగోడ్ వాళ్లందరూ జిల్లా దాటేశారు.

విచిత్రంగా కొందరు మాత్రం మెదక్‌లోనే మిగిలారు. వాళ్ల పద్దుల్లో ‘క్’ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది. యూటీఎఫ్ 8లో మూడు బైట్లు. అందుకే సెడ్ వెతికిన ‘మెదక్ జిల్లా’తో అవి సరిపోలలేదు. టైపు చేసినవాళ్ల అలవాటు నా తెలివి నుంచి ఆ రైతులను కాపాడింది.

బిల్లు చూసి మామ అన్నాడు: “సర్కారు మార్చకపాయె, నువ్వు మారిస్తివారా అల్లుడా?”

ఊరి పేర్లు చెక్కుచెదరలేదు కాబట్టి, ఊరిని బట్టి జిల్లాను దిద్దగలిగాను. దేంతో అంటారా? మొదట్లో నాకు నామోషీ అనిపించిన ఆ అప్‌డేట్ క్వెరీతోనే.

డంప్ మీద సెడ్ నడపక తప్పదంటే, స్కిప్ ఎక్స్‌టెండెడ్ ఇన్సర్ట్ పెట్టి తీయండి, రికార్డుకో లైను వస్తుంది. ఐ పక్కనే ‘.బాక్’ అని చేర్చండి, పాత ఫైలు మిగులుతుంది. రెండూ మాన్యువల్‌లో ఉన్నవే.