లైట్

1965 నవంబర్ 17 మధ్యాహ్నం. దక్షిణ వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయ. ఏడో కావల్రీ రెజిమెంటుకు చెందిన ఒక అమెరికన్ బెటాలియన్ ఎత్తైన గడ్డిలో వరసగా నడుస్తోంది. హెలికాప్టర్లు దిగడానికి వీలున్న ఖాళీ జాగా ఒకటి ముందుంది. దానికి ఆల్బనీ అని పేరు పెట్టుకున్నారు. నడుస్తున్నవాళ్ళు 400 మందికి పైనే. అదే గడ్డిలో ఉత్తర వియత్నాం సైనికులూ ఉన్నారు.

పోరు ముగిశాక తేలిన లెక్కలో చనిపోయిన అమెరికన్లు 150 మందికి పైగా, గాయపడ్డవాళ్ళు 120 మందికి పైగా.

ప్లేకూ పట్టణంలో ఒక గుడారంలో విలేఖరులను సమావేశపరిచారు. ఒక బ్రిగేడియర్ జనరల్ మాట్లాడాడు. శత్రువు మాటు వేయలేదన్నాడు. రెండు దళాలూ ఎదురుపడ్డాయంతే. మనవైపు నష్టం 'లైట్', మహా అయితే 'మోడరేట్' అన్నాడు.

ఆ మాటలు ఆయన అప్పటికప్పుడు పుట్టించినవి కావు. సైగాన్‌లోని అమెరికన్ సైనిక కార్యాలయం ఏ పోరులో ఎంతమంది తమవాళ్ళు పోయారో విడిగా చెప్పేది కాదు. చెబితే శత్రువుకు ఉప్పందుతుందని భయం. మొత్తం లెక్క వారానికోసారి వచ్చేది. ఈలోపు పత్రికలకు మూడు విశేషణాలు ఇచ్చారు: లైట్, మోడరేట్, హెవీ. విలేఖరులు వాటినే టెలిఫోన్లలో చదివేవారు, డెస్కులో ఉన్నవాళ్ళు వాటినే అచ్చుకు పంపేవారు. శత్రువు చావుల దగ్గర మాత్రం ఇంత పొదుపు లేదు. అవి ఒకట్ల స్థానం దాకా అంకెల్లో వచ్చేవి.

విశేషణంలో ఇంకో సదుపాయం ఉంది. ఎంతలో ఎంత అనేది చెప్పక్కర్లేదు. ప్లటూన్ తుడిచిపెట్టుకుపోతే ప్లటూన్‌కు అది హెవీ. అదే బెటాలియన్‌లో కలిపి చూస్తే మోడరేట్. డివిజన్ మొత్తం మీద లైట్. 'లైట్ తీస్కో' అని మన కుర్రాళ్ళు అంటుంటారు, ఆ లైటే.

గుడారంలో యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ విలేఖరి జో గాలోవే ఉన్నాడు. నాలుగైదు రోజుల కిందటే అతనికి 24 నిండాయి. ఆల్బనీ చూసి నేరుగా వచ్చాడు. లేచి నిలబడి, అది అబద్ధమనీ, ఆ సంగతి ఆయనకూ తెలుసనీ జనరల్‌తో అన్నాడు. 'సార్' అనడం మరవలేదు. నిజానికి అతను వాడిన మాట అబద్ధం కాదు, ఎద్దు పేడకు సంబంధించినది. గుడారం కేకలతో దద్దరిల్లింది.

ఆ కావల్రీవాళ్ళలో చాలామంది కుటుంబాలు జార్జియా రాష్ట్రంలో, ఫోర్ట్ బెన్నింగ్ పక్కనున్న కొలంబస్ పట్టణంలో ఉండేవి. ఒక్కసారిగా ఇన్ని చావు కబుర్లు చేరవేయడానికి సైన్యం దగ్గర మనుషుల్లేరు. టెలిగ్రాములు ట్యాక్సీ డ్రైవర్ల చేతికిచ్చి పంపారు.

జూలియా మూర్ భర్త అదే రెజిమెంటులో ఇంకో బెటాలియన్‌కు కమాండర్. ఒకరోజు ఆమె ఇంటి ముందు ట్యాక్సీ ఆగింది. డ్రైవర్ గంట కొట్టాడు. ఆమె వెంటనే తలుపు తీయలేదు. తీశాక అతను ఒక అడ్రసు అడిగాడు. అది ఆమెది కాదు. దారి చెప్పి పంపింది. ఆ తర్వాత ఆ ట్యాక్సీలు ఆగిన ఇళ్ళకు తనే వెళ్ళడం మొదలుపెట్టింది.

టెలిగ్రాములన్నీ ఒకే నమూనా. పేరు, హోదా, వియత్నాం, తేదీ. నష్టం ఎంతటిదో చెప్పే మాట వాటిలో ఎక్కడా లేదు. విశేషణం ఉన్నది మొదటి వాక్యంలో, ఆర్మీ సెక్రటరీ తెలియజేసే విచారానికి ముందు.

ప్రగాఢ.