పిల్లి చుట్టిన కండె

భివండి పద్మనగర్‌లో సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడుకు ఎవరికీ మెలకువ రాదు. తాతలు కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో దిగిన నాడే చెవులను ఆ చప్పుడుకు రాసిచ్చేశారు. అర్ధరాత్రి మా పిల్లి పట్టు ‘ఖక్ ఖక్’ మంటే మాత్రం ఇంటిల్లిపాదీ లేస్తాం. ఎవరి పక్క మీద కక్కుతుందో తేలాలి కదా!

“దిష్టి తాకింది బిడ్డా, మిరపకాయలు దిప్పు” అంటుంది అమ్మ.

“ఏం దిష్టక్కా, నూలు దుమ్ము! మా లెక్కనే దగ్గుతుంది. ఇంత ఆముదం పొయ్యిరి” అంటాడు కింద కార్ఖానా మామ.

ఈలోగా పట్టు మెడ సాచి అమ్మ దుప్పటి మీద సరుకు దించేస్తుంది. గుండ్రంగా ఉంటుందనుకునేరు! ఇరుకు ఆహారనాళంలోంచి రావాలి కాబట్టి అచ్చం నాడెలో పెట్టే కండెలా పొడుగ్గా వస్తుంది. సేటు చూస్తే ఎన్నో నంబరు నూలని అడుగుతాడు.

తప్పంతా నాలుకది. దాని నిండా గొంతు వైపు వంగిన ముళ్లు. వాటి కొనలు బోలుగా ఉండి, ఉమ్మిని చర్మం దాకా మోసుకెళ్తాయని 2018లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు చూపించారు. గొప్ప యంత్రమే, రివర్సు లేదు. ఊడిన వెంట్రుకను ఉమ్మలేదు, మింగాల్సిందే. చాలామటుకు దొడ్డిదారిన పోతుంది. మిగిలింది అమ్మ దుప్పటికి.

పశువుల డాక్టరుకు చూపిస్తే ఆముదానికి ససేమిరా అన్నాడు. బలవంతంగా పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చట. రోజూ దువ్వండి, నీళ్లు బాగా తాగనివ్వండి, తడి తిండి, పీచున్న తిండి పెట్టండి అన్నాడు. దుమ్ము సంగతిలో మాత్రం మామకు సగం మార్కులు పడ్డాయి: ఏమీ బయటపడకుండా ఊరికే దగ్గుతుంటే అది ఉబ్బసం కావచ్చు. తిండి మానేసి, మాటిమాటికీ డోకుతూ ఏమీ కక్కలేకపోతే ఆగకుండా తీసుకురమ్మన్నాడు.

ఆయన అసలు భయం వెంట్రుక కాదు, పోగు. మింగిన పోగు కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుంటే పేగులు దాని మీదికి ముడుచుకుపోయి కోసుకుపోతాయి. నోట్లోంచో వెనకనుంచో పోగు వేలాడితే లాగకూడదు, నేరుగా ఆసుపత్రికే. ఈ మాట ఎవరికి చెప్పాడు? పోగు కొస కనబడితే పట్టి లాగి ముడేసే పద్మశాలీలకు! చేతులు జేబుల్లో పెట్టుకుని విన్నాం.

ఇప్పుడు నూలు ముక్కలు డబ్బాలోకి పోయాయి. దువ్వే పని అమ్మది. దువ్విన బొచ్చును మాత్రం పారెయ్యనివ్వదు, సంచిలో కూరుతోంది.

“ఎందుకమ్మా ఇది?”

“రేటు రానియ్ బిడ్డా, చూద్దాం.”