క్యాష్ పేషెంటు గారి గృహప్రవేశం

విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రిలో చేరడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. బస్టాండులో ఆటో ఎక్కితే చాలు. ఏ జబ్బుకి ఏ డాక్టరో, ఏ సందులో స్కానింగో ఆటో అబ్బాయే చెబుతాడు. అవనిగడ్డ నుంచి, కైకలూరు నుంచి, నందిగామ నుంచి దిగిన మనిషిని గేటు దగ్గరే చక్రాల కుర్చీ అందుకుంటుంది. చిక్కల్లా బయటికి రావడంలోనే.

బయటికి వచ్చేవాళ్లు మూడు రకాలు. మొదటివాడు కార్డు పేషెంటు. 2007లో ఆరోగ్యశ్రీగా పుట్టి, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుని, ప్రస్తుతం ఎన్టీఆర్ వైద్య సేవగా స్థిరపడిన పథకం ఆయనది. ఆయన కోసం ఆసుపత్రిలో ఒక బల్ల, దాని వెనక ఆరోగ్యమిత్ర. ఆపరేషన్ అయ్యాక కోలుకునే రోజులకి కూలి నష్టం కింద రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలు మించకుండా ఇస్తామని 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా కూడా పెట్టారు. ఇంటికెళ్లాక కూడా మనిషికి ఖర్చు ఉంటుందని సర్కారుకి తట్టడమే విశేషం.

రెండోవాడు ఇన్సూరెన్స్ పేషెంటు. డిశ్చార్జి రాశాక మూడు గంటల్లో అనుమతి తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ 2024 మేలో కంపెనీలకు గట్టిగా చెప్పింది. కానీ కంపెనీలు ఇవ్వనక్కర్లేని ఖర్చుల జాబితా ఒకటుంది, 68 అంశాలు. డైపర్లు, కమోడు, నడవడానికి ఆసరా కర్ర, ఇంట్లో వాడుకునే ఆక్సిజన్ సిలిండరు, అటెండెంటు ఖర్చులు... మంచాన పడ్డ మనిషికి ఇంటి దగ్గర ఏం కావాలో ఇంత శ్రద్ధగా రాసిన కాగితం మన దేశంలో మరొకటి నేను చూడలేదు. అది రాసింది ఇవ్వకుండా ఉండటానికి, అంతే. కాబట్టి గేటు దాటగానే రెండోవాడూ మూడోవాడిలో కలిసిపోతాడు.

మూడోవాడే మన క్యాష్ పేషెంటు. ఆయనకు బల్ల లేదు, మిత్ర లేడు. క్యాష్ కౌంటరు కిటికీ ఒకటుంది. డబ్బున్నవాళ్లు కదా, వాళ్లే చూసుకుంటారని ఆసుపత్రి వారి గట్టి నమ్మకం. ఐసీయూలో పది రోజులు ఉన్నాక ఆ డబ్బు ఎవరి దగ్గర ఉందో వాళ్లకి తెలియనిది కాదు.

పక్షవాతం వచ్చిన ఓ పెద్దాయన్ని ఊహించుకోండి. గుడివాడ పక్క పల్లె, ఐదెకరాల మాగాణి, కొడుకు డాలస్‌లో. పొద్దున రౌండ్సులో డాక్టరు గారు భుజం తట్టి "ఇంక ఇంటికి తీసుకెళ్లొచ్చండీ" అంటారు. ముక్కులో రైల్స్ ట్యూబు, మంచం కింద యూరిన్ బ్యాగు, కుడి పక్క కదలదు. డిశ్చార్జి సమ్మరీలో మాత్రం పరిస్థితి నిలకడగా ఉంది. నిజమే, ఎటూ కదలడం లేదు.

అప్పగింతలప్పుడు ఆడపిల్ల వెంట చలిమిడి దగ్గర్నుంచి పసుపు కుంకాల దాకా లెక్కపెట్టి సారె పంపే నేల ఇది. పెద్దాయన వెంట వచ్చేది ఫైలూ, మందుల సంచీ, వారం తర్వాత రివ్యూకి రమ్మన్న చీటీ.

శిక్షణ ఉంటుంది, లేదనకూడదు. ఫార్మసీ రిటర్న్స్ లెక్క తేలేలోపు సిస్టర్ వచ్చి కోడల్ని పిలుస్తుంది. పెద్ద సిరంజి గొట్టానికి తగిలించి, పైకెత్తి పట్టుకుని, జావ దానంతటదే దిగేలా పోస్తుంది. "నొక్కకూడదమ్మా. తల ఎత్తుగా ఉండాలి. అయ్యాక నీళ్లు పొయ్యాలి. అరగంట పడుకోబెట్టొద్దు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే వీపు పుండ్లు పడుద్ది. అర్థమైందిగా?" నిమిషంన్నర. నర్సింగు కాలేజీలో నాలుగేళ్లు నేర్పేదాన్ని కోడలు అంతలో పూర్తి చేసింది. ఆ సమయంలో మగవాళ్లంతా బిల్లులో డిస్కౌంటు కోసం కింద ఉన్నారు. ఎప్పుడూ అంతే: సంతకాలు మగవాళ్లవి, సిరంజి ఆడవాళ్లది.

ఇక ఇంటి దగ్గర మనిషి కావాలి. అది చూసేది వార్డుబాయ్. జేబులోంచి హోం నర్సింగ్ ఏజెన్సీ కార్డు తీసి "నా పేరు చెప్పండి సార్, తగ్గిస్తారు" అంటాడు. ఆయన పేరు చెబితే తగ్గేది ఎవరికో, పెరిగేది ఎవరికో అడక్కండి. ఏజెన్సీ వాళ్లు జబ్బేమిటని అడగరు. అబ్బాయి ఎక్కడుంటాడని అడుగుతారు. వాట్సాప్‌లో డాలస్ బాబు "ఎంతైనా పర్లేదండీ" అనేసరికి అడ్వాన్సు ఖరారవుతుంది. ఆయా వస్తుంది, మంచి మనిషే. నిన్నటిదాకా బాలింతల దగ్గర చేసింది. రైల్స్ ట్యూబు ఊడితే ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఉండనే ఉన్నారు. సంక్రాంతికి ఆవిడా ఊరెళ్తుంది, కనక పక్షవాతం భోగి లోపు రాకుండా చూసుకోవాలి.

ప్రయాణం సంగతి కూడా చెప్పాలి. గవర్నమెంటు ఆసుపత్రిలో కాన్పైతే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటి దగ్గర దింపుతుంది. అక్కడే కన్ను మూస్తే మహాప్రస్థానం బండి ఉంది. కొత్తగా పుట్టినవాడికీ కొత్తగా పోయినవాడికీ మధ్యలో ఎవరైనా ఉంటే, ఆయన ప్రైవేటు అంబులెన్సుతో బేరమాడుకోవాలి. పటమటలో అపార్టుమెంటైతే ఇంకో సరదా: లిఫ్టులో స్ట్రెచరు పట్టదు, ప్లాస్టిక్ కుర్చీలో కట్టి నలుగురు మెట్లమీదుగా మోయాలి.

ఇలా ఇంటి దగ్గర సేవలు కావాల్సినవాళ్ల కోసం ఇంగ్లండులో 2014లో కేర్ చట్టం చేశారు. 23,250 పౌండ్లకు మించి దాచుకున్నవాడు తన సేవల ఖర్చు తనే పెట్టుకోవాలి, అక్కడా ఉచితమేమీ కాదు. అయితే ఉన్నవాడైనా లేనివాడైనా ఏం సాయం అవసరమో స్థానిక కౌన్సిల్ వచ్చి చూడాలి, ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. డబ్బు నీదే, దారి మేం చెబుతామని ఒప్పందం. మన కార్పొరేషన్‌కి ఆ పని అప్పజెబితే ముందు ఇంటి పన్ను బకాయి ఎంతుందో చూసి వెళ్తారు.

ఆసుపత్రి వారిని మరీ ఆడిపోసుకోకూడదు. పెద్దాయనకి పడుకోబెట్టే జావ పోసి, అది ఊపిరితిత్తుల్లోకి పోయి, జ్వరం పట్టుకుంటే అర్ధరాత్రి అయినా గేటు తెరిచే ఉంటుంది. చక్రాల కుర్చీ సిద్ధం. పాత నంబరు కంప్యూటర్లో దొరుకుతుంది, కొత్తగా రాయించక్కర్లేదు. అడ్వాన్సు మాత్రం మళ్లీ కట్టాలి.