చిన్నవాళ్లకు చట్టం ఉండదనుకున్నాను

డబ్బు తీసుకోనప్పుడు చట్టం మనజోలికి రాదని నిజంగానే నమ్మాను. జర్మనీలో ఉంటున్న మా తెలుగు మిత్రుల కోసం అద్దె సర్వర్ మీద మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్ పెట్టినప్పుడు నా ధీమా అదే. ప్రకటనల్లేవు, లాభం లేదు. జీడీపీఆర్ అనే ఐరోపా సమాచార రక్షణ చట్టం పెద్ద కంపెనీల కోసం పుట్టింది, నాతో దానికేం పని? సొంత అవసరాలకు, ఇంటి అవసరాలకు దాని రెండో అధికరణంలో మినహాయింపు ఉందని చూసి, అక్కడితో చదవడం ఆపేశాను.

ఆ మినహాయింపు హద్దేమిటో 2003లోనే తేలింది. స్వీడన్‌లో ఒక చర్చిలో పనిచేసే ఆవిడ తోటివాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఒకరి కాలికి దెబ్బ తగిలిన సంగతి నెట్‌లో పెట్టింది. పైసా ఆశించలేదు. అయినా, ఎవరైనా చూసేలా పెట్టాక అది ఇంటి వ్యవహారం కాదంది ఐరోపా న్యాయస్థానం. అప్పటి పాత చట్టంలోని ఆ మినహాయింపే జీడీపీఆర్‌లోకీ వచ్చింది.

మా సర్వర్‌లో ఒక అక్క తన కాపురంలోని కష్టాలు రాసుకుంది. కొన్నాళ్లకు "తమ్ముడూ, అన్నీ తీసెయ్" అంది. ఖాతా తొలగించి, "ఇంకెక్కడా లేవక్కా" అన్నాను. తెలియక చెప్పిన అబద్ధం. మాస్టడాన్‌లో రాసింది, మనల్ని అనుసరించేవాళ్లున్న సర్వర్లన్నిటికీ నకలుగా వెళ్తుంది. తొలగించమన్న మాటా అలాగే వెళ్తుంది. అవతలి సర్వర్ దాన్ని పట్టించుకోకపోతే నకలు అక్కడే ఉంటుంది. నా బ్యాకప్‌లలోనూ ఉన్నాయి. ఒక్కరికే అనుకుని ఆవిడ పంపిన సందేశాలు సైతం నేను చదవగలిగేలా డేటాబేసులో ఉన్నాయి. 2023లో అమెరికాలో ఒక మాస్టడాన్ నిర్వాహకుడి ఇంట్లో ఎఫ్‌బీఐ వేరే కేసులో సోదా చేస్తే, ఎన్‌క్రిప్ట్ చేయని డేటాబేస్ నకలు వాళ్ల చేతికి చిక్కింది. అది చదివాక నాకు నిద్రపట్టలేదు.

జీడీపీఆర్ 17వ అధికరణం అసాధ్యమేమీ అడగదు. మనం బయటపెట్టిన సమాచారాన్ని తీసెయ్యమంటే, అది ఉన్న మిగతావాళ్లకు చెప్పడానికి తగిన ప్రయత్నం చెయ్యమంటుంది, అంతే. ఆలస్యంగానైనా నకళ్లు వెళ్లిన సర్వర్ల నిర్వాహకులకు రాశాను. కొందరు తీసేశారు, కొందరు పలకలేదు.

అక్కకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "ముందే చెప్పుంటే రాసేదాన్నే కాదు కదా తమ్ముడూ" అంది. 13వ అధికరణం అడిగేదీ అదే: సమాచారం తీసుకునేటప్పుడే చెప్పమని. ఇప్పుడు మా సర్వర్‌లో చేరే పేజీలో అన్నిటికన్నా పైన రాసిపెట్టాను: మీ సందేశాలు నేను చదవగలను, మీ రాతల నకళ్లు నా చేతిలో లేని చోట్లకు వెళ్తాయి.