పురుగుల టీచరమ్మ

టీచరు ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ, టీచరుతనం నుంచి రిటైరైనవాళ్లను నేను చూడలేదు. ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి పిల్లాడిని పదమూడో ఎక్కం అడుగుతారు. బస్సులో ముందు సీటు పిల్లచేత దుకాణాల బోర్డులు చదివిస్తారు. మా వాటాకి వచ్చినావిడ మా మేనత్త. తెనాలి చుట్టుపక్కల మండల పరిషత్ బడుల్లో ఒకటి, రెండు తరగతులకే చెప్పి చెప్పి, చివరికి శాలువా కప్పించుకుని ఇంటికొచ్చింది. శాలువా బీరువాలో పెట్టింది గానీ సుద్దముక్క చేతిలోంచి దింపలేదు. ఇప్పుడు ఆవిడ బడి పెరట్లో నిమ్మచెట్టు కింద. ఎనిమిదేళ్లలోపు వాళ్లెవరు గేటు దాటి లోపలికొచ్చినా హాజరు పడిపోతుంది. చెప్పే పాఠం ఒక్కటే, సీతాకోకచిలుక. వీధిలో ఆవిడకి పురుగుల టీచరమ్మ అని పేరు. ఆ పేరు విని మురిసిపోతుంది, అదీ మా బాధ.

ముందు నా గోడు చెప్పుకోనివ్వండి. ఆ నిమ్మచెట్టు పక్కనే గుబురుగా కరివేపాకు చెట్టు ఉంది. దాన్నుంచి ఒక్క రెబ్బ తుంచడానికి లేదు. నిమ్మ, కరివేప ఒకే కుటుంబపు చెట్లట. ఒకే రకం సీతాకోకచిలుకలు రెండిటి మీదా గుడ్లు పెడతాయట. తల్లి ఆకు మీద వాలి, ముందుకాళ్లతో టపటపా తట్టి, ఆ కాళ్లతోనే రుచి చూసి, తన పిల్లలు తినే ఆకు ఇదేనని తేల్చుకున్నాక ఒక్కో గుడ్డే విడివిడిగా పెట్టి పోతుంది. ఆవగింజకన్నా పెద్దది కాని ఆ గుడ్డు కోసం ప్రతి ఆకూ తిరగేసి చూడాలి. పొయ్యిమీద పోపు మాడుతుంటే ఆకులు తిరగేస్తూ ఎవరు కూర్చుంటారు? అందుకని మా అత్త వంటింటికి కరివేపాకు రైతుబజారు నుంచి వస్తుంది.

“చెట్టు ఆకు మనం వాడుకుని, కొన్నది వాటికి పెట్టొచ్చు కదా అత్తా?” అన్నాను.

“మందు కొట్టిన ఆకురా అది. తింటే పురుగులు చచ్చిపోవూ?”

“మరి మేం?”

“మీరు కడుక్కుని తినండి.”

పాఠ్యపుస్తకాల్లో గుండ్రంగా నాలుగు బొమ్మలు వేసి మధ్యలో బాణం గుర్తులు పెడతారు చూశారూ, ఆ బొమ్మంటే ఆవిడకి ఒళ్లుమంట. గుడ్డూ పురుగూ ఒకే సైజులో ఉంటాయి, ఏ బాణానికి ఎన్నాళ్లు పడుతుందో రాయరు. “ఆ బాణాల్లోనే ఉందిరా అసలు పాఠమంతా” అంటుంది. అందుకే ఆవిడ ఏదీ ముందుగా చెప్పదు. గుడ్డున్న రెబ్బని ఖాళీ హార్లిక్స్ సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, పిల్లల చేతికిచ్చి ఊరుకుంటుంది. రోజూ చూసి చెప్పాల్సింది వాళ్లే. పురుగు బయటికి రాగానే మొదట తన గుడ్డు పెంకునే తినేస్తుంది. చూడ్డానికి అచ్చం పిట్టరెట్ట. ఆ మాట వినగానే పిల్లలకి పాఠం మీద అపారమైన గౌరవం పుడుతుంది. నాలుగోసారి చర్మం విడిచాక ఆకుపచ్చగా, బొద్దుగా తయారవుతుంది. చీపురుపుల్లతో కదిపితే తల వెనకనుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. ఆ వాసన కోసం పక్క వీధినుంచి కూడా పిల్లలు వస్తారు. రోజుకెన్ని పెంటికలు వేసిందో లెక్కపెట్టి పలకమీద రాయడం రెండో తరగతి లెక్కలు. ఆ పలక కాఫీ గ్లాసుల పక్కనే ఉంటుంది. మా ఆవిడ “పిన్నిగారూ, కాస్త అది అటు పెట్టండి” అంటే, పలక జరపదు, కాఫీ జరుపుతుంది.

వినాయక చవితి పత్రిలో జిల్లేడు ఆకు ఉంటుంది కదా. ఆ ఇంట్లో పత్రికి కూడా తనిఖీ ఉంది. నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు కనబడితే ఆకుతో సహా సీసాలోకి వెళ్తుంది. జిల్లేడు పాలు కళ్లకి ప్రమాదమని ఆ ఆకు ఆవిడే కోస్తుంది, పిల్లల్ని కోయనివ్వదు. నిమ్మచెట్టు పురుగు రెట్టలా నటిస్తూ దాక్కుంటే, ఇదెందుకింత దర్జాగా తిరుగుతోందని అడుగుతుంది. వారం గడిచినా తను చెప్పదు. జిల్లేడు విషం ఒంట్లో నింపుకున్నదాన్ని పిట్టలు ముట్టవని పిల్లల్లో ఎవరో ఒకరు కనిపెట్టేదాకా మనకి కూడా ఊపిరాడదు.

ప్రాజెక్టు తల్లులతో మాత్రం ఆవిడకి శాశ్వత వైరం. యూకేజీ పిల్లకి బడిలో సీతాకోకచిలుక ప్రాజెక్టు ఇస్తే, తల్లి థర్మోకోల్ షీటు మీద సగ్గుబియ్యంతో గుడ్లు, మెలికల పాస్తాతో పురుగు, గవ్వలాంటి పాస్తాతో ప్యూపా, బో టై పాస్తాతో సీతాకోకచిలుక అతికించి తెస్తుంది. పిల్ల దాన్ని ముట్టుకోకూడదు, జిగురు ఆరలేదు. ఒకావిడ ప్యూపాకి ఉన్ని చుట్టి తెచ్చింది. “గూడు అల్లేది పట్టుపురుగు తల్లీ. ఇది చర్మం విడిచేసి, నడుముకి ఒక్క దారం కట్టుకుని కొమ్మనానుకుని కూర్చుంటుంది” అని మా అత్త అరగంట చెప్పింది. ఆ తల్లి మళ్లీ రాలేదు. అమెరికా నుంచి వచ్చిన మనవడు తెచ్చిన ఎరిక్ కార్ల్ బొమ్మల పుస్తకానికీ అదే మర్యాద జరిగింది. 1969లో వచ్చి ప్రపంచమంతా చదివిన ఆ పుస్తకంలో పురుగు శనివారంనాడు కేకు, ఐస్‌క్రీమ్, ఊరగాయ, పుచ్చకాయ అన్నీ లాగించి, కడుపునొప్పి తెచ్చుకుని, ఆదివారం ఒక పచ్చటాకు తిని కుదుటపడుతుంది. చివర్లో ఇల్లు కట్టుకుంటుంది. ఇల్లు తప్పంది, కేకు మరీ తప్పంది. ఆదివారం పథ్యం మాత్రం బాగుందని ఒప్పుకుంది. తర్వాత ఎవరూ లేనప్పుడు పురుగు తిన్నట్టు పేజీల్లో పెట్టిన చిల్లుల్లోకి వేలు పెట్టి చూసుకుంటుంటే నేను చూశాను.

ఇంత వెటకారంగా రాస్తున్నాను గానీ, కందిరీగల సంగతి వచ్చేసరికి నాకు నవ్వు రాదు. పెరటి గోడమీద దొరికిన ప్యూపాని పిల్లలు సీసాలో పెట్టి రోజూ కాపలా కాశారు. అది గోధుమరంగుకి తిరిగింది. ఓ ఉదయం దానికి చిన్న చిల్లు పడి, అందులోంచి చీమంత కూడా లేని కందిరీగలు బిలబిలా వచ్చాయి. ప్యూపా ఇంకా మెత్తగా ఉన్నప్పుడే ఒక తల్లి కందిరీగ వచ్చి అందులో గుడ్లు పెట్టిపోయిందన్నమాట. లోపల సీతాకోకచిలుక లేదు, తినేశాయి. పిల్లలెవరూ మాట్లాడలేదు. నేనైతే సీసా దాచేసి, ఎగిరిపోయిందని చెప్పేవాణ్ణి. ఆవిడ జరిగిందంతా జరిగినట్టు చెప్పి, “వాటి పిల్లలకీ తిండి కావాలి కదర్రా” అంది. రెండో తరగతి బాబు ఒకడు ఇంటికెళ్లి రాత్రి అన్నం మానేశాడు. వాళ్లమ్మ పోట్లాటకొచ్చింది. అంత చిన్నవాళ్లకి అది చెప్పకుండా ఉండాల్సిందనే నాకిప్పటికీ అనిపిస్తుంది. కాకపోతే మర్నాడు ఆ బాబే అందరికన్నా ముందొచ్చి, కందిరీగ లోపలికెలా దూరిందని అడిగాడు.

మా ఆవిడ నన్ను కూడా పురుగుల పిచ్చివాళ్ల జాబితాలోనే వేసింది. అత్తవారింటికి వెళ్లి, కాళ్లు కడుక్కోకుండానే వాళ్ల నిమ్మమొక్క ఆకులు తిరగేశానని ఫిర్యాదు. ఆకుల కింద రెండు గుడ్లున్నాయి మరి.

ఇంతలో ఆ బాబు బడిలో పరీక్ష పెట్టారు. సీతాకోకచిలుక జీవితచక్రంలో దశలెన్ని? వాడు “నాలుగు. కందిరీగ వస్తే మూడే” అని రాశాడు. అర మార్కు కోశారు. ఒకప్పుడు పోట్లాటకొచ్చిన వాళ్లమ్మే జవాబుపత్రం పట్టుకుని మా అత్త దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ ఆటో ఎక్కారు. మా అత్త ఒళ్లో సీసా. తరగతిలోకి వెళ్లి, సీసా బల్లమీద పెట్టి, గుడ్డ విప్పబోతుండగానే ఆ టీచరు గబగబా అర మార్కు కలిపేసిందట.

సాయంత్రం నేను వెళ్లేసరికి మా అత్త మొహం గంటుపెట్టుకుని కూర్చుంది. గెలిచావు కదా, ఇంకేమిటి అన్నాను.

“ఏం గెలవడంరా! పాఠం మొదలుపెట్టనిస్తేనా?”