ఆవులింత పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
అన్న మధిక మైన నావులింతలు వచ్చు
ఫైలు మీద తలలు వాలుచుండు
కూర కొంచె మగుట కూడెక్కు వగుటయే
కారణంబు కాఫి కాదు మందు

ప్రతిపదార్థం: అన్నము = పాలిష్ పట్టిన సోనామసూరి; అధికమైనన్ = హద్దు మీరితే; ఆవులింతలు వచ్చున్ = మధ్యాహ్నం రెండింటికి మొదలై, ఒకరిని చూసి ఇంకొకరికి అంటుకుంటాయి; ఫైలు మీద = సంతకానికి వచ్చిన కాగితం మీద ('కీబోర్డు మీద' అని నవీనుల పాఠం; గణభంగం కనుక గ్రాహ్యం కాదు); తలలు = సూపరింటెండెంటుగారి శిరస్సుతో సహా (బహువచనం అందుకే); వాలుచుండున్ = వాలి, ఉలిక్కిపడి లేచి, మళ్లీ వాలుతాయి; తక్కినది స్పష్టం.

తాత్పర్యం: మనం పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, చారులోకి ఒకసారి, పెరుగులోకి ఒకసారి అన్నం పెట్టించుకుంటాం. ప్రతి వాయికీ అన్నం కొత్తగా వస్తుంది. కూర మాత్రం మొదట వేసిందే. మధ్యాహ్నపు మగతకు మూలం ఇదేనని కవి హృదయం.

ఆక్షేపం: ఒంట్లోని గడియారమే ఆ వేళకు మగత తెస్తుంది కదా, పస్తున్నవాడూ ఆవులిస్తాడు కదా?

సమాధానం: నిజమే. అయితే గడియారం ఆవులింతతో వదిలేస్తుంది. గురక దాకా తీసుకెళ్లేది నిండు విస్తరి. తవుడు పోయిన బియ్యం తొందరగా గ్లూకోజ్‌గా మారుతుంది. మెలకువను నిలిపే ఒరెక్సిన్ అనే పదార్థాన్ని 1998లో కనుగొన్నారు. దాన్ని తయారుచేసే మెదడు కణాలను గ్లూకోజ్ జోకొడుతుందనీ, మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు తట్టిలేపుతాయనీ ఎలుకల మీద పరిశోధనల్లో తేలింది. కనుక 'కూర' అనే మాటకు పప్పు, గుడ్డు, చేప కూడా అర్థాలే.

విశేషం: 'కాఫి కాదు మందు' అనడంలో రెండు భావాలున్నాయి. సాయంత్రం నాలుగింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి తొమ్మిదింటికి కూడా ఇంచుమించు సగం ఒంట్లోనే ఉంటుంది. నిద్ర చెడగొట్టి మర్నాటి మగతకు పునాది వేస్తుంది. పైగా అన్నం తిన్న వెంటనే తాగితే కాఫీ అయినా టీ అయినా ఆకుకూరలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వారి నీరసాన్ని భుక్తాయాసమని కొట్టిపారేయడం వ్యాఖ్యాతలకు తగదు.

ఫలశ్రుతి: రేపు మధ్యాహ్నం ఒక గరిటె అన్నం తగ్గించి, ఒక గరిటె కూర పెంచి, తిన్నాక పది నిమిషాలు నడిచిన పాఠకులకు ఫైలు దిండులా కనిపించదు. ఎంత మితంగా తిన్నా రోజంతా నీరసం వదలనివారు మాత్రం పద్యాన్ని నమ్ముకోకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి.